అందరూ ఒకే బంతికి కూర్చుంటే..

పల్లెటూరి పెళ్ళిలో వడ్డన చేసిన అనుభవం ఉన్నవాళ్ళకి వర్చువల్ డెస్క్‌టాప్‌ల గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదని నా గట్టి నమ్మకం. మూడొందల విస్తర్ల పందిట్లో వెయ్యి మంది ఒక్కసారి కూర్చుంటామంటే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. నాకు మాత్రం ఆ ముక్క తెలియడానికి ఇంజనీరింగు డిగ్రీ, మూడేళ్ళ ఉద్యోగం, కాంటీన్‌లో ఒక అమ్మాయి వేసిన చిన్న ప్రశ్న అవసరమయ్యాయి :)

2022 సంగతి ఇది. అప్పటికి నేను ఒక కాల్ సెంటరు ప్రాజెక్టులో ఉన్నాను. పేర్లు అనవసరం. హైదరాబాదులో ఒకే బిల్డింగులో 1,800 మంది ఏజెంట్లు. అమెరికా టైముకి పని కాబట్టి షిఫ్టు సాయంత్రం ఆరున్నరకి మొదలు. అందరి ముందూ చిన్న డబ్బాలు, అంటే థిన్ క్లయింట్లు. అసలు విండోస్ నడిచేదంతా డేటా సెంటర్లో సర్వర్ల మీద. ఆ 1,800 డెస్క్‌టాప్‌లని కాచుకుని కూర్చోవడమే మా టీము పని.

"లాగిన్ చాలా స్లో" అని రోజూ టికెట్లు వచ్చేవి. నేను రిపోర్టు తీసి చూసేవాణ్ణి. రోజు సగటు లాగిన్ సమయం: 44 సెకన్లు. ఎస్‌ఎల్‌ఏ ప్రకారం 60 లోపు ఉంటే చాలు. "అంతా బాగానే ఉంది" అని రాసి టికెట్ మూసేసేవాణ్ణి. మూసేస్తున్నప్పుడు నా మనసులో చిన్న గర్వం కూడా ఉండేది, అబద్ధమెందుకు!

ఒకరోజు కాంటీన్‌లో టీ దగ్గర ఒకమ్మాయి నా మెడలో ట్యాగు చూసి "అన్నా, సిస్టమ్స్ వాళ్ళు మీరేనా?" అంది. అవునన్నాను. "నేను ఆరూ ఇరవై రెండుకి సీట్లో కూర్చుంటానన్నా. స్క్రీను వచ్చేసరికి ఆరూ ముప్ఫై మూడు. మూడు లేట్లయితే ఒక హాఫ్ డే కట్. ఈ నెల్లో రెండు పోయినయ్. మీరేమో బాగానే ఉందని టికెట్ క్లోజ్ చేస్తున్నరు. ఎవరికి బాగుందన్నా?"

నా దగ్గర జవాబు లేదు. టీ మాత్రం తాగేశాను.

ఆ రాత్రి కూర్చుని రిపోర్టుని విడదీశాను. మా టూలు రెండు రకాల సంఘటనల్ని "లాగిన్" కిందే లెక్కేస్తోంది. మొదటిది షిఫ్టు మొదట్లో వచ్చే అసలు లాగిన్, రోజుకి 1,800. రెండోది బ్రేకుకి వెళ్ళొచ్చి మళ్ళీ కనెక్టవడం, మనిషికి సుమారు ఐదుసార్లు, అంటే రోజుకి 9,000. ఈ రెండోది 5 సెకన్లలో అయిపోతుంది. మొదటిదేమో సగటున 4 నిమిషాలు, వెనకబడ్డవాళ్ళకి 11 నిమిషాలు. ఇప్పుడు సగటు తీయండి. 1,800ని 240తో, 9,000ని 5తో గుణించి, కలిపి, 10,800తో భాగిస్తే వచ్చేది సుమారు 44 సెకన్లు! అంటే జనం ఎన్నిసార్లు బ్రేకుకి వెళ్తే నా రిపోర్టు అంత బాగుంటుందన్నమాట.

సరే, కొలత తప్పని తేలింది. మరి అసలు జబ్బు ఎక్కడ? మర్నాడు మీటింగు పెట్టించాను. స్టోరేజి టీము వాళ్ళు గ్రాఫు తెచ్చారు. ఆల్-ఫ్లాష్ పెట్టె, లేటెన్సీ ఒక మిల్లీసెకండు లోపే. "మాది పచ్చగా ఉంది." నెట్‌వర్కు వాళ్ళు గ్రాఫు తెచ్చారు. అప్‌లింకు వాడకం సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య గంట సగటు 22 శాతం. "మాది కూడా పచ్చగా ఉంది." మాది ఎలాగూ 44 సెకన్లు. ఎవరికి వారే యమునా తీరే. మూడు పచ్చ గ్రాఫుల మధ్య ఆ అమ్మాయికి హాఫ్ డే కట్.

ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే ఇందులో అసలు విషాదం.

ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి. వర్చువల్ డెస్క్‌టాప్‌లు ఊపందుకుంటున్న రోజుల్లో, అంటే 2008-2012 ప్రాంతంలో, అందరి తలనొప్పీ స్టోరేజే. అప్పట్లో తిరిగే డిస్కులు. 15,000 ఆర్‌పీఎం డిస్కు ఒకటి సెకనుకి సుమారు 180 ఐఓపీఎస్ ఇస్తుంది. ఒక్కో డెస్క్‌టాప్‌కి తీరిగ్గా పనిచేసేటప్పుడు 10 ఐఓపీఎస్ వేసుకుందాం. 1,800 మందికి 18,000. నూటికి 18,000ని 180తో భాగిస్తే 100 డిస్కులేగా అనుకుంటాం. కానీ వర్చువల్ డెస్క్‌టాప్‌లు మామూలుగా చదివేదానికంటే రాసేదే ఎక్కువ. 80 శాతం రైట్లనుకోండి. రెయిడ్ 5లో ఒక్కో రైటుకి వెనకాల నాలుగు ఆపరేషన్లు. అప్పుడు 3,600 రీడ్లు, 14,400 రైట్లకి నాలుగింతలుగా 57,600, మొత్తం 61,200. అంటే 340 డిస్కులు! రెయిడ్ 10లో రైటుకి రెండే కాబట్టి 180 డిస్కులు. ఇదంతా మామూలు సమయానికే. పొద్దున్నే అందరూ మెషీన్లు ఆన్ చేసే "బూట్ స్టార్మ్" లెక్క వేరే.

అంత డబ్బు ఎవరు పెడతారు? అందుకే ఆ రోజుల్లో వచ్చిన తెలివితేటలన్నీ స్టోరేజి మీద భారం తగ్గించేవే. 2008 డిసెంబరులో వీఎంవేర్ వ్యూ 3తో లింక్డ్ క్లోన్‌లు వచ్చాయి. వందల డెస్క్‌టాప్‌లకి ఒకే మూల ప్రతి, ఎవరి మార్పులు వాళ్ళ దగ్గర. 2012లో వ్యూ 5.1తో, అందరూ చదివే బ్లాకుల్ని హోస్టు మెమరీలోనే దాచుకునే క్యాష్ వచ్చింది. సిట్రిక్స్ ప్రొవిజనింగ్ ఇంకో దారి పట్టింది: ఇమేజిని డిస్కు మీంచి కాకుండా నెట్‌వర్కు మీద ఒక సర్వరు నుంచి ప్రవాహంలా పంపడం. ఆ సర్వరు మెమరీలో ఇమేజి ఒకసారి ఎక్కిందంటే ఇక స్టోరేజిని తాకక్కర్లేదు.

ఈ చివరిదాన్ని గమనించండి. స్టోరేజి బరువు మాయమవలేదు, నెట్‌వర్కు భుజాల మీదకి మారింది. ఆ రోజుల్లో అది మంచి బేరమే. పోర్టులు చవక, డిస్కులు ఖరీదు. మా ప్రాజెక్టులో కూడా ఇమేజి నెట్‌వర్కు మీదే వచ్చేది. ఎందుకని అడిగితే "మొదట్నుంచీ అలాగే ఉంది" అన్నారు. డిజైన్ డాక్యుమెంటు చూస్తే 2013 నాటిది. మధ్యలో ఎప్పుడో డిస్కుల పెట్టె పోయి ఆల్-ఫ్లాష్ వచ్చింది. ఏ బాధ తప్పించుకోవడానికి ఆ ఏర్పాటు చేశారో ఆ బాధే పోయింది, ఏర్పాటు మాత్రం మిగిలింది. ముల్లు తీసేశాక కూడా కుంటుతున్నట్టు!

ఇప్పుడు ఆరూ ఇరవై లెక్క చూద్దాం. కరెంటూ మెమరీ ఆదా అని షిఫ్టు అయ్యాక మెషీన్లు ఆపేసేవాళ్ళం. మనిషి కనెక్టయినప్పుడే మెషీను లేచేలా పెట్టాం. అది పెట్టింది నేనే. క్యాబులన్నీ ఆరుంపావుకి గేటు దగ్గర దింపుతాయి. సెక్యూరిటీ, లిఫ్టు దాటి పది నిమిషాల వ్యవధిలో 1,800 మందీ సీట్లలో ఉంటారు. 

ఒక్కో మెషీను లేవడానికి సుమారు 300 ఎంబీ ఇమేజి లాగుతోంది. 1,800కి 540 జీబీ. పది నిమిషాల్లో అంటే సెకనుకి 900 ఎంబీ, అంటే 7.2 జీబీపీఎస్. 

లేచాక, మనిషి ప్రొఫైలు ఫైల్ సర్వరు నుంచి కాపీ అవ్వాలి. సగటున 250 ఎంబీ. మొత్తం 450 జీబీ. పది నిమిషాల్లో అంటే 6 జీబీపీఎస్.

ఇమేజి పంపే సర్వర్లూ, ప్రొఫైళ్ళ సర్వరూ ఒకే ర్యాకులో ఉన్నాయి. ఆ ర్యాకు నుంచి బయటికి రెండు 10 జీబీపీఎస్ లింకులు, కానీ ఒకటి పనిచేస్తుంటే రెండోది స్టాండ్‌బై. 7.2 విడిగా పడుతుంది. 6 విడిగా పడుతుంది. రెండూ కలిస్తే 13.2. గొట్టం 10.

మరి నెట్‌వర్కు వాళ్ళకి 22 శాతం ఎలా కనపడింది? 540, 450 కలిపి 990 జీబీ. దాన్ని గంటకి పరిస్తే సెకనుకి 275 ఎంబీ, 2.2 జీబీపీఎస్. నిజంగా 22 శాతమే! స్టోరేజి ఎందుకు పచ్చగా ఉంది? రద్దీ అంతా దాని గుమ్మం దాకా రాకముందే గొట్టంలో ఇరుక్కుపోయింది కాబట్టి. వంటశాలలో వంటవాళ్ళు ఖాళీగా కూర్చుని "మా గంగాళాలు నిండుగానే ఉన్నాయిగా" అంటున్నారు. పందిట్లో విస్తళ్ళు ఖాళీ. మధ్యలో వడ్డన వాళ్ళు ఒకే ఇరుకు గుమ్మంలో ఒకర్నొకరు తోసుకుంటున్నారు.

పైగా ఈ వ్యవహారం నిండేకొద్దీ నిదానంగా పాడవదు, చివర్లో ఒక్కసారిగా పాడవుతుంది. క్యూ సిద్ధాంతంలో అన్నిటికంటే సరళమైన నమూనా తీసుకున్నా, సర్వరు సగం నిండినప్పుడు పనికి పట్టే సమయం ఖాళీగా ఉన్నప్పటికంటే 2 రెట్లు. 80 శాతానికి 5 రెట్లు. 90కి 10 రెట్లు. 95కి 20 రెట్లు. 80 నుంచి 95కి పెరిగింది పదిహేనే శాతం, ఓపిక మాత్రం నాలుగింతలు కావాలి.

ఇంకో చిన్న లెక్క. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం: లోపల ఉన్నవాళ్ళ సంఖ్య అంటే వచ్చే వేగాన్ని, ఒక్కొక్కరు లోపల ఉండే సమయంతో గుణించడమే. పది నిమిషాల్లో 1,800 మంది అంటే సెకనుకి ముగ్గురు. లాగిన్ 40 సెకన్లలో అయిపోతే ఏ క్షణంలో చూసినా 120 మంది లాగిన్ అవుతూ ఉంటారు. అదే 240 సెకన్లు పడితే 720 మంది. జనం పెరగలేదు, పని పెరగలేదు. ఆలస్యమే రద్దీని పుట్టించి, ఆ రద్దీ ఇంకాస్త ఆలస్యాన్ని పుట్టించింది. ఇది చాలదన్నట్టు, విసుగొచ్చినవాళ్ళు డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేసేవాళ్ళు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మీలో చాలామంది ఒప్పుకోకపోవచ్చు.

నెట్‌వర్కు భారం, స్టోరేజి భారం అని రెండు వేరువేరు సమస్యల్లేవు. ఉన్నది ఒకటే భారం. మనం దాన్ని అటూ ఇటూ తోస్తూ "బ్యాలెన్సింగ్" అని పేరు పెట్టుకుంటున్నాం. ఇమేజిని నెట్‌వర్కు మీద పంపితే స్టోరేజి తేలికవుతుంది, గొట్టం నిండుతుంది. ఇమేజిని హోస్టు లోపలి ఎన్‌వీఎంఈ మీద పెడితే గొట్టం ఖాళీ, కానీ ప్యాచ్ వచ్చిన రోజు ప్రతి హోస్టుకీ కొత్త ఇమేజి చేరాలి. ప్రొఫైలు మొత్తం కాపీ చెయ్యకుండా ఎఫ్ఎస్‌లాజిక్స్ లాగా వర్చువల్ డిస్కుగా నెట్‌వర్కు మీద తగిలిస్తే లాగిన్ తేలిక, కానీ అప్పట్నుంచీ మనిషి చేసే ప్రతి చిన్న రైటూ రోజంతా నెట్‌వర్కు దాటి ఫైల్ సర్వరుకి వెళ్ళాల్సిందే. ఉదయం కట్టే బిల్లుని రోజంతా వాయిదాల్లో కట్టడం లాంటిది. రైట్లని మెమరీలో ఆపి, నిండితే డిస్కుకి వదిలే పద్ధతి పెడితే డిస్కు ఊపిరి పీల్చుకుంటుంది, హోస్టుకి మెమరీ ఎక్కువ కావాలి. ఏదీ ఉచితం కాదు. ప్రశ్నల్లా ఈ భారాన్ని ఇవాళ ఎవరు చవగ్గా మొయ్యగలరు అన్నదే. ఆ జవాబు ఐదేళ్ళకోసారి మారుతుంది. డాక్యుమెంటు మారదు.

రెండో మాట. భారాన్ని చోటు మార్చడం కంటే టైము మార్చడం చాలా చవక. పెళ్ళివాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు దీన్ని, బంతి అని పేరు పెట్టారు. మేం చేసిన మొదటి పని ఒక్క రూపాయి కొనుగోలు లేకుండా అయిపోయింది. సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా నిమిషానికి 30 మెషీన్ల చొప్పున ముందే లేపి పెట్టాం. అదే 540 జీబీ, గంట మీద పరిస్తే 1.2 జీబీపీఎస్. ఆరున్నరకి ఆ 7.2 అన్నది లేనే లేదు. కొన్ని యూనిట్ల కరెంటు ఎక్కువ కాలింది. ఆదా పేరుతో నేను పెట్టిన ఆ సెట్టింగు కంపెనీకి మిగిల్చినదెంతో తెలీదు గానీ, దాని ఖర్చు ఏజెంట్ల జీతాల్లోంచి పోయింది.

తర్వాత ప్రొఫైళ్ళు తెరిచి చూశాం. సగం పైగా బ్రౌజరు క్యాష్, చాట్ అప్లికేషను క్యాష్. వాటిని మినహాయిస్తే 250 కాస్తా 60 ఎంబీ అయింది. 6 జీబీపీఎస్ కాస్తా 1.44. యాంటీవైరస్ వాళ్ళు ఏడింటికి అందరి మెషీన్లనీ ఒకేసారి స్కాన్ చేసేలా పెట్టుకున్నారు. అడిగి, దాన్ని ఇష్టమొచ్చిన టైముకి చెదిరిపోయేలా మార్పించాం. ఎలాగూ ఆ మెషీన్లన్నీ ఒకే ఇమేజి పిల్లలు, ఒకే ఫైలుని 1,800 సార్లు అనుమానించడం దేనికి?

"రెండో లింకు కూడా వాడుకలోకి తెస్తే 20 జీబీపీఎస్ అవుతుంది, మొదటే ఆ పని చేస్తే పోయేదిగా" అని నెట్‌వర్కు లీడ్ అన్నాడు. చేశాం. మంచిదే. కానీ అదొక్కటే చేసి ఊరుకుంటే 13.2ని 20లో పెట్టి చేతులు దులుపుకున్నట్టు. ఏదో ఒక సాయంత్రం ఆరూ ఇరవైకి ఒక లింకు పోతే మళ్ళీ మొదటికే. ఒకటి పోయినా బండి నడిచేట్టు ఉంటేనే రెండు ఉన్నట్టు లెక్క. లేకపోతే అది స్టాండ్‌బై కాదు, అప్పు.

మూడో మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మన సిస్టమ్‌లో రద్దీని నిర్ణయించేది చాలాసార్లు మన సిస్టమ్‌లో ఉండదు. మా స్టోరేజి, నెట్‌వర్కుల పీక్ లోడుని డిజైను చేసినవాడు ఆర్కిటెక్టు కాదు, ట్రాన్స్‌పోర్టు డెస్కులో క్యాబుల రోస్టరు వేసే ఉద్యోగి! ఆయన ఎక్సెల్ షీటులో అందరికీ ఆరుంపావు అని ఉంది. ఆయన దగ్గరికి మా టీము నుంచి ఒక్కరైనా అప్పటిదాకా వెళ్ళలేదు. నేను వెళ్ళి అడిగితే "దీనికా ఇంత గొడవ? రూట్లని మూడు ముక్కలు చేసి పావుగంట తేడాతో దింపొచ్చుగా" అన్నాడు. ఆపరేషన్స్ మేనేజరు మాత్రం ఒప్పుకోలేదు. ఆరున్నరకి అందరూ ఉంటేనే క్లయింటుకి బిల్లింగు. చివరికి రెండు ప్రాసెస్‌లకి మాత్రం ఆరుంబావు, ఆరూ నలభై ఐదు షిఫ్టులు ఇచ్చారు. అంతవరకే గెలిచాం.

"ఇవన్నీ పాత గోలలు, ఇప్పుడు క్లౌడ్ కదా" అనేవాళ్ళుంటారు. మైక్రోసాఫ్టు తన వర్చువల్ డెస్క్‌టాప్ సేవని 2019 సెప్టెంబరు చివర్లో అందరికీ తెరిచింది. 2021లో అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్ అని పేరు మార్చింది. నేను ఇప్పుడు పనిచేస్తున్నది దాని మీదే. అక్కడ ప్రొఫైళ్ళ స్టోరేజికి మైక్రోసాఫ్టు ఇచ్చే అంచనా ఏమిటో తెలుసా? మామూలుగా మనిషికి 10 ఐఓపీఎస్, లాగిన్, లాగాఫ్ సమయంలో 50. మామూలప్పుడు మా 1,800 మందికి 18,000. ఒకేసారి మీద పడితే 90,000. లిటిల్ లెక్కన 40 సెకన్ల లాగిన్‌లైతే లోపల ఉన్న 120 మందికి 6,000 చాలు. నాలుగు నిమిషాలకి జారితే 720 మందికి 36,000. ఏది కొంటారు? క్లౌడ్‌లో కూడా మెషీన్లని ముందే లేపి పెట్టుకోవడానికి స్కేలింగ్ ప్లానులో "ర్యాంప్-అప్" అని ఒక దశ ఉంటుంది. అంటే బంతులు అక్కడా తప్పలేదు. పందిరి అద్దెకి తెచ్చుకున్నా వడ్డన మనదే.

ఎస్‌ఎస్‌డీలు వచ్చాక స్టోరేజి సమస్య తీరిపోయిందనేవాళ్ళకీ ఇదే జవాబు. తీరలేదు, పక్కింటికి వెళ్ళింది. ఇప్పుడు మీ డిస్కు ఖాళీగా ఉంటే సంతోషించకండి. దాని దాకా ఏమీ రావడం లేదేమో చూడండి.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే.. కొత్త డిజైను ముందు కూర్చున్నప్పుడు నేను ఇప్పుడు నాలుగు పనులు చేస్తాను:

1. సగటు అడగను. రద్దీ పది నిమిషాల్లో, నూటికి తొంభై ఐదో మనిషికి ఎంత పట్టిందో అడుగుతాను. కాలవ మొదట్లో ఉన్న రైతుని నీళ్ళొచ్చాయా అని అడిగితే ఏం లాభం? చివరి చేను చూడాలి.

2. స్టోరేజి, నెట్‌వర్కు, లాగిన్ మూడూ ఒకే గ్రాఫులో, ఒకే టైము గీత మీద పెట్టిస్తాను. నిమిషం కంటే పెద్ద ముక్కలుగా సగటు తీయనివ్వను.

3. ప్రతి డిజైను నిర్ణయం పక్కన "ఇది ఏ కొరత వల్ల" అని ఒక వాక్యం రాయిస్తాను. ఆ కొరత తీరిన రోజు ఆ నిర్ణయాన్ని మళ్ళీ తెరవాలి.

4. ఈ మనుషులు ఇక్కడికి ఎలా వస్తారు, ఎప్పుడు వస్తారు, ఆలస్యమైతే ఎవరికి నష్టం అని అడుగుతాను. ఇది రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటులో ఎక్కడా ఉండదు.

ఆ నాలుగో ప్రశ్న గురించి ఒక్క మాట. అమెరికాలో లాస్ వెగాస్ కాల్ సెంటరు ఉద్యోగులు కొందరు, కంప్యూటరు ఆన్ చేసి లాగిన్ అయ్యే సమయానికి జీతం ఇవ్వట్లేదని కోర్టుకి వెళ్ళారు. 2022 అక్టోబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు, కంప్యూటరు లేకుండా ఆ పనే జరగదు కాబట్టి దాన్ని ఆన్ చేయడం కూడా పనిలో విడదీయరాని భాగమేనని తేల్చి, మిగతా ప్రశ్నల్ని కింది కోర్టుకి తిప్పి పంపింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కాంటీనే గుర్తొచ్చింది. మన భాషలో బూట్ టైము, లాగిన్ డ్యురేషన్. వాళ్ళ భాషలో జీతం.

మా దగ్గర ఏమైందంటే, మూడు వారాల్లో తొంభై ఐదో మనిషి లాగిన్ ఒక నిమిషం లోపుకి వచ్చింది. రోజు సగటు కూడా 44 నుంచి కిందికి దిగింది. ఎస్‌ఎల్‌ఏ రిపోర్టు చూసేవాళ్ళకి పెద్ద తేడా కనపడలేదు, అప్పుడూ పచ్చ, ఇప్పుడూ పచ్చ. అసలైన మార్పు ఇంకో రెండు నెలలకి వచ్చింది. హెచ్ఆర్ వాళ్ళు హాజరుని లాగిన్ టైము బదులు గేటు దగ్గర కార్డు గీకిన టైముతో లెక్కేయడం మొదలుపెట్టారు. దానికి స్టోరేజీ అక్కర్లేదు, నెట్‌వర్కూ అక్కర్లేదు. ఒక మెయిలు చాలింది. ఆ మెయిలు మొదటి రోజే ఎవరైనా పంపొచ్చు. నేను కూడా పంపొచ్చు.

అంతకుముందు కట్ అయిన హాఫ్ డేలు మాత్రం వెనక్కి రాలేదు. అడిగాను. పేరోల్ సైకిల్ మూసేశామన్నారు. నేను టికెట్లు మూసినట్టే.

మీ దగ్గర కూడా పచ్చగా ఉన్న గ్రాఫు ఒకటి ఉండే ఉంటుంది. రేపు ఆఫీసుకి వెళ్ళాక, రద్దీ వేళలో, ఆ గ్రాఫు అవతల కూర్చున్న మనిషి పక్కన ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. గ్రాఫే కరెక్టని తేలితే మంచిదే, ఒక టీ లాభం. తేలకపోతే?